మా హోమ్‌బ్రూ (సొంతంగా అల్లుకున్న) లోకంలో దేవుళ్లు పనిచేయడం లేదు, కాస్త సాయం చేయండి

కట్టమీది_కాకి | శుక్రవారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. మాది ఐదుగురి టేబుల్. రెండు వారాలకోసారి ఆదివారం మధ్యాహ్నం, మల్కాజిగిరిలో మా ఇంట్లోనే ఆడతాం. డైస్ వేస్తూ పాత్రలు ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 2014 రూల్స్, లోకం మాత్రం నా సొంతం. దక్కన్ లాంటి నేల. బండరాళ్లు, చెరువులు, ఒక కోట, వజ్రాల సంత. ఊళ్లు, రాజకీయాలు, దొంగలు అన్నీ బాగానే కుదిరాయి. దేవుళ్ల దగ్గరే బండి ఆగిపోయింది.

పన్నెండు మంది దేవుళ్ల పట్టిక రాశాను. యుద్ధానికి ఒకరు, చావుకు ఒకరు, వ్యాపారానికి ఒకరు. ఒక్కొక్కరికి ఒక రంగు, ఒక గుర్తు. రాశాక చూస్తే కొత్త మంత్రివర్గంలో శాఖల కేటాయింపులా ఉంది. ఆరు సెషన్లయ్యాక మా క్లెరిక్‌ని (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర) "నీ దేవుడి పేరేంటి" అని ఒక ముసలాయన పాత్ర చేత అడిగించాను. మావాడు పాత్ర వివరాల షీట్ తిప్పి చూసుకున్నాడు. ఆ రోజు నిద్ర పట్టలేదు.

మా క్లెరిక్ స్పెల్‌కీ (మంత్రానికీ), పుస్తకాలు చదివి నేర్చుకునే విజార్డ్ స్పెల్‌కీ తేడా ఏమిటంటే ఒకటి పసుపు రంగులో, ఇంకొకటి నీలం రంగులో వెలుగుతుంది. అంతే. దైవశక్తి వేరేగా అనిపించాలంటే ఏం చేయాలి?

డైస్_దాదా | శనివారం ఉదయం 7:15

తప్పు నీది కాదు, రూల్స్‌ది. క్లెరిక్‌కీ విజార్డ్‌కీ స్పెల్ స్లాట్ల (రోజుకు ఎన్ని స్పెల్స్ వేయొచ్చో ఆ లెక్క) పట్టిక అక్షరం పొల్లుపోకుండా ఒకటే. 1వ లెవల్‌లో 2, 20వ లెవల్‌కి మొత్తం 22. ఇద్దరూ రాత్రి పడుకుంటారు, పొద్దున లేచేసరికి ఇద్దరికీ జీతం పడిపోతుంది. దేవుడు ఇచ్చాడా, పుస్తకం చదివి తెచ్చుకున్నాడా అన్నది ఆటలో ఎక్కడా తగలదు.

1974లో వచ్చిన ఈ ఆట మొదటి పెట్టెలో ఇలా లేదు. అందులో క్లెరిక్‌కి 1వ లెవల్‌లో ఒక్క స్పెల్ కూడా ఉండదు. 2వ లెవల్‌కి చేరితేనే దేవుడు పలుకుతాడు. అసలు ఈ క్లాస్ పుట్టిన కథ కూడా భక్తి కథ కాదు. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడైన డేవ్ ఆర్నెసన్ టేబుల్‌లో ఒక ఆటగాడు వాంపైర్‌గా మారి మిగతావాళ్లను బతకనివ్వకుండా చేస్తుంటే, వాణ్ణి ఆపడానికి ఇంకొకరికి ఇచ్చిన వేషం ఇది.

2014 రూల్స్‌లో దేవుడికి సొంత ఇష్టం ఉన్నట్టు నాకనిపించేది ఒక్క చోటే. 10వ లెవల్ నుంచి నేరుగా మొరపెట్టుకోవచ్చు. 1 నుంచి 100 దాకా పడే డైస్ వేస్తే నీ లెవల్ గాని, అంతకంటే తక్కువ గాని పడాలి. అంటే 10వ లెవల్ వాడికి నూటికి పది. పలికితే మళ్లీ ఏడు రోజుల దాకా అడగకూడదు. 20వ లెవల్ వస్తే డైస్ కూడా అక్కర్లేదు, పిలిస్తే వచ్చేస్తాడు. అక్కడ మళ్లీ చెడగొట్టారు.

ఇరానీ_చాయ్_వారియర్ | శనివారం ఉదయం 9:02

నూటికి పది అంటే తత్కాల్ కన్నా నయమే దాదా.

పొలిమేర | శనివారం మధ్యాహ్నం 2:30

కాకి అన్నా, మీరే చెరువుల సీమ అన్నారు. మరి దేవుళ్లను మాత్రం కొండ మీద దర్బారు పెట్టి కూర్చోబెట్టారు. ఎందుకని?

మా ఊరు జనగామ వైపు. మా తాత నీరడి. చెరువు తూము తీయడం, మూయడం ఆయన పని. నీళ్లు ఆయనవి కావు, చెరువూ ఆయనది కాదు. కానీ ఏ మడికి ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు అన్నది ఆయన చేతిలో ఉండేది. ఊళ్లో ఎంత పెద్ద ఆసామి అయినా తూము దగ్గర మా తాతతో మెత్తగానే మాట్లాడేవాడట. పంట ఇంటికొచ్చాక కల్లంలోనే ఆయన వాటా గింజలు కొలిచేవాళ్లు. ఒకసారి చుట్టం పొలానికి రాత్రిపూట తూము తీశాడని ఊరంతా కలిసి నిలబెట్టి అడిగారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఎనభై ఏళ్ల వయసులో కూడా తల దించుకునేవాడు.

క్లెరిక్ అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. విజార్డ్ సొంత పొలంలో బోరు వేసుకున్నవాడు. పడితే వాడి గొప్ప, ఎండితే వాడి ఖర్మ. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నీరడికి వెనకాల చెరువు, ముందర ఊరు. ఇద్దరికీ జవాబు చెప్పాలి.

ఇంకో మాట. మీ పన్నెండు మందినీ కుటుంబంలా కాకుండా గొలుసుకట్టు చెరువుల్లా పేర్చి చూడండి. కాకతీయుల నాటి నుంచి మన దగ్గర ఉన్న పద్ధతే. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లు. పై ఊరి అమ్మకు జాతర సరిగా చేయలేదనుకోండి, కింది ఊరి పూజారి ఎంత మొత్తుకున్నా తూములో చుక్క రాదు. అప్పుడు మీ పార్టీ ఎక్కడికి పోవాలో మీరు చెప్పనవసరం లేదు. కాలువ వెంబడి పైకి నడుస్తారు.

"ఏ దేవత దేనికి" అన్న లెక్క తీసేసి "ఎందాక" అన్న లెక్క పెట్టండి. ప్రతి అమ్మకూ ఒక ఆయకట్టు. అది దాటితే ఆమె శక్తి పారదు. కట్టమైసమ్మ అంటే వరదల శాఖ కాదు కదా, ఆ కట్ట మీద ఉన్న అమ్మ. పక్క ఊరి కట్ట మీద ఇంకో మైసమ్మ. ఇద్దరూ ఒకరేనా వేరువేరా అని చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగితే, "బోనం దించినంక అడుగు" అంది. దించాక నేనూ మరిచిపోయాను, ఆమె కూడా చెప్పలేదు.

నిద్రలేని_విజార్డ్ | శనివారం సాయంత్రం 6:48

కాకి టేబుల్‌లో విజార్డ్ నేనే. నాకు బయట దేవుడి మీద నమ్మకం లేదు, ఆటలో కూడా ఎప్పుడూ క్లెరిక్ తీసుకోలేదు. నీరడి అంటే మాత్రం ఆడతాను. ఇప్పుడున్న క్యారెక్టర్‌ని పక్కన పెట్టేస్తా.

ఒక డౌట్. ఈ లోకంలో స్పెల్ వేస్తే గాయం మానుతుంది. రుజువు కళ్ల ముందే ఉంది. మరి నాలాంటి నమ్మనివాడు అక్కడ ఎలా బతుకుతాడు?

సీతాఫల్‌మండి_సీనియర్ | శనివారం రాత్రి 10:20

బాబూ, వాన పడిందన్న దాని మీద ఎవరికీ గొడవ లేదు, ఎవరి వల్ల పడిందన్న దగ్గరే లొల్లి. గాయం మానింది, సరే. అమ్మ మాన్పిందా, నీరడి చేతి మహిమా, నీళ్లలోనే ఏదైనా ఉందా? మీ పాత్ర మూడోది నమ్మొచ్చు. అమ్మను నమ్మకుండానే తూము తీయొచ్చు. ఊరు ఊరుకుంటుందా అన్నది వేరే సంగతి.

మన హైదరాబాద్‌లోనే ఒక ముచ్చట ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు చెబితే పాము విషం దిగుతుందని జనం నమ్మేవాళ్లు. అర్ధరాత్రి అయినా సరే, పాము కరిచినవాడు వస్తే తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడంటారు. అక్కడ గుడి లేదు, దేవత లేదు. రాజు, ఆయన పేరు, జనం నమ్మకం. మీ పన్నెండు మందిలో ఈ శక్తి ఎవరి శాఖ?

పొలిమేర గారి చెరువులు నాకు బాగా నచ్చాయి, ఒక్క మాట తప్ప. ఆయకట్టు దాటితే పారదన్నారు. మన లష్కర్ (సికింద్రాబాద్) అమ్మవారి కథే దానికి అడ్డం వస్తుంది. 1813లో ఇక్కడ మహమ్మారి వచ్చి జనం చనిపోతుంటే, ఉజ్జయినిలో ఉన్న మన పటాలంవాళ్లు అక్కడి మహాకాళికి మొక్కుకున్నారు. ఊరు బాగుపడితే నిన్ను మా దగ్గర నిలబెడతాం అని. బాగుపడింది. 1815లో తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపారు. మొక్కు ఒక చోట, చెల్లింపు వందల మైళ్ల అవతల.

పొలిమేర | శనివారం రాత్రి 10:51

సీనియర్ గారూ, వాళ్లు అక్కడి నుంచి కాలువ తవ్వలేదు, ఇక్కడ కొత్త చెరువు కట్టారు. నా రూల్‌కి ఏమీ కాలేదు :)

కానీ మీరన్నది పెట్టుకోవాలి. ఆయకట్టు బయట కూడా మొక్కుకోవచ్చు. అయితే ఆ మొక్కు తీరాలంటే అక్కడ అమ్మను నిలపాలి. పార్టీ వెళ్లిన ప్రతి చోటా ఒక రాయి నిలపాల్సి వస్తే, పదో సెషన్‌కి మ్యాప్ ఎలా ఉంటుందో చూడండి.

పాతబస్తీ_పిల్ల | ఆదివారం ఉదయం 8:10

మొక్కు అన్నారు కాబట్టి చెప్తున్నా. చిలుకూరు బాలాజీ దగ్గర హుండీ లేదు. అడిగేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. మా అక్క వీసాకి 11 తిరిగింది, స్టాంపింగ్ అయ్యాక వెళ్లి 108 తిరిగింది. లెక్క తప్పకుండా 108 గళ్ల కార్డు మీద పెన్నుతో కొట్టేసుకుంటూ తిరిగింది. నేను పక్కన కూర్చుని చూస్తుంటే ఆ కార్డు అచ్చం క్యారెక్టర్ షీట్‌లా కనిపించింది.

ఆ లెక్కే పెట్టండి. ముందు కొంచెం, పని అయ్యాక చాలా. విజార్డ్ ముందే కష్టపడి చదువుకుని స్పెల్ కొనుక్కున్నాడు. క్లెరిక్ ముందు వాడుకుని తర్వాత చెల్లిస్తాడు. తీరిన కోరిక తాలూకు బాకీ ఎంత బరువుగా ఉంటుందో మా అక్క మొహంలో చూశాను. వీసా వచ్చి టికెట్ బుక్ చేసుకున్నా, అప్పటికింకా 108 తిరగలేదు. ఆ రెండు వారాలూ ఇంట్లో పాలు పొంగిపోయినా దానివల్లే అనేది.

డైస్_దాదా | ఆదివారం ఉదయం 11:33

కార్డు బాగుంది. అంకెలు నేను వేస్తాను.

స్లాట్లు తీసేయండి. స్పెల్ ఏ స్థాయిదైతే అన్ని మొక్కులు కార్డు మీద ఎక్కుతాయి. కార్డు హద్దు క్లెరిక్ లెవల్‌కి మూడింతలు. మామూలు రూల్స్‌లో 5వ లెవల్ క్లెరిక్‌కి స్లాట్లు 1వ స్థాయివి 4, 2వ స్థాయివి 3, 3వ స్థాయివి 2. స్లాటుకు దాని స్థాయి చొప్పున కూడితే 16. మూడింతలంటే 15. దాదాపు అక్కడికే వచ్చింది. పై లెవల్స్‌లో బిగుతు అవుతుంది, అది నాకు ఇష్టమే.

అసలు తేడా ఏమిటంటే ఇవి నిద్రపోతే తీరవు. చెల్లించాలి. హద్దు దాటితే తూము మూసుకుపోతుంది.

నా భయం ఒకటే. యుద్ధం మధ్యలో కార్డు నిండితే పార్టీ మొత్తం పోతుంది. హీలింగ్ లేని పార్టీ మూడో గదికి మించి వెళ్లదు. అప్పుడు మన కవిత్వం ఎవరికీ అక్కర్లేదు.

పొలిమేర | ఆదివారం మధ్యాహ్నం 12:05

దాదా, పొలానికి పారే నీళ్లకే వంతు, లెక్క. తాగడానికి కడవ ముంచుకునేవాణ్ణి నీరడి ఎప్పుడూ ఆపడు. పడిపోయినవాణ్ణి ప్రాణం పోకుండా నిలపడం, దాహం తీర్చడం, జ్వరం తగ్గించడం వీటికి మొక్కు ఎక్కదు. రాత్రికి రాత్రి శత్రువుల మీద నిప్పుల వాన కావాలంటే ఎక్కుతుంది.

నిద్రలేని_విజార్డ్ | ఆదివారం మధ్యాహ్నం 3:40

ఇంతసేపూ మీరంతా భక్తి గురించి మాట్లాడారు, నేను డబ్బు గురించి మాట్లాడతా. మా లోకంలో వజ్రాల సంత ఉంది కదా. రూల్స్ ప్రకారం చనిపోయినవాణ్ణి ఒక్క నిమిషంలోపు లేపాలంటే 300 బంగారు నాణేల వజ్రాలు కావాలి. తర్వాత లేపే పెద్ద స్పెల్‌కి 500 నాణేల వజ్రం. రెండిట్లోనూ రాయి మాయమైపోతుంది, మళ్లీ రాదు.

గోల్కొండలో వజ్రాలు తవ్వలేదు, అమ్మారు. గని కృష్ణ ఒడ్డున కొల్లూరులాంటి చోట్ల. కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. పెద్ద రాళ్లు సుల్తానుకే చెందాలన్న కట్టడి ఉండేది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి రాళ్లు దాదాపు ఇక్కడి నుంచే వెళ్లాయి.

ఇప్పుడు ఈ రెంటినీ కలపండి. చావు నుంచి వెనక్కి రావడానికి కావాల్సిన సరుకు ఒకే రాజు గుప్పిట్లో ఉంది. అలాంటి లోకంలో రాజు ఎప్పుడూ చనిపోడు. యువరాజు అరవై ఏళ్లు వచ్చినా యువరాజే. గనిలో మట్టి మోసేవాడు రోజూ పది మందిని బతికించే రాయిని చేత్తో పట్టుకుని, సాయంత్రం నోరు తెరిచి చూపించి ఇంటికి పోతాడు. దేవత ఆ రాళ్లను ఏం చేసుకుంటుంది? నాకు ఈ క్యాంపెయిన్ ఆడాలని ఉంది.

ఇరానీ_చాయ్_వారియర్ | ఆదివారం సాయంత్రం 5:16

జోకులు పక్కన పెట్టి ఒకటి చెప్పనా. ఆ 500 నాణేల స్పెల్‌కి గడువు ఎంతో చూశారా? చనిపోయి పది రోజులు దాటకూడదు. పోయినేడాది మా నాన్న కర్మలు చేశాను. పదో రోజు చెరువు గట్టున నీళ్లు వదిలాక అక్కడితో ఏదో తెగిపోయిందని అనిపించింది. ఇంటికొచ్చాక రూల్‌బుక్ తీసి ఆ పేజీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. రాసినవాళ్లు మన దశాహం గురించి విని ఉంటారని అనుకోను. కానీ మన టేబుల్ మీద ఆ అంకె వేరేగా మోగుతుంది.

కాకీ, మీ లోకంలో పదో రోజు దాకా ఇంటివాళ్లు తలుపు దగ్గర దీపం ఆర్పరు అని పెట్టు. రాయి ఉన్నవాళ్లు, లేనివాళ్లు అందరూ.

కట్టమీది_కాకి | ఆదివారం రాత్రి 9:30

పెట్టాను అన్నా. అలాగే రాసుకున్నాను.

పాతబస్తీ_పిల్ల | సోమవారం ఉదయం 7:55

రాసేముందు ఒక్క విన్నపం. నిజమైన పేర్లు షీట్ మీదకి తేవొద్దు. ఈ ఆటకి 1980లో వచ్చిన దేవతల పుస్తకంలో ఇంద్రుడికి, అగ్నికి కూడా హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తగిలితే పడిపోతారన్న అంకె) వేశారు. అంకె వేశారంటే ఎవడో ఒకడు చంపడానికి లెక్కలు మొదలుపెడతాడు. మీ టేబుల్‌లో ఎవరింట్లో ఏ పటం ఉందో మీకు తెలియదు. పద్ధతి తీసుకోండి, పేరు వదిలేయండి. దేవతకు అసలు హిట్ పాయింట్లే వద్దు, చెరువుకు ఎవరైనా హిట్ పాయింట్లు వేస్తారా?

ఇంకొకటి, మీ క్యారెక్టర్ షీట్‌లో "దేవుడు" అని ఒకే గడి ఉంటే దాన్ని కొట్టేయండి. చిన్నప్పుడు నాకు దిష్టి తగిలిందంటే మా అమ్మ ముందు గుడికి, తర్వాత దర్గాకి తీసుకెళ్లేది. ఎందులో తగ్గిందని ఎవరూ అడగలేదు. మొహర్రంలో మన పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. మనిషికి ఒకే దేవుడు అన్న గడి ఇంగ్లిష్ పుస్తకం నుంచి వచ్చింది, మన వీధి నుంచి కాదు.

సీతాఫల్‌మండి_సీనియర్ | సోమవారం మధ్యాహ్నం 1:20

ఆట నడిపే డీఎంకి పనికొచ్చే చిట్కా ఒకటి ఇచ్చి నేను తప్పుకుంటా. లష్కర్ బోనాల మర్నాడు రంగం ఉంటుంది. పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాటగా భవిష్యవాణి చెబుతారు. వానలు, పంటలు, మధ్యలో నాకు సరిగ్గా చేయట్లేదన్న కోపం, చివర్లో మిమ్మల్ని చల్లగా చూసుకుంటానన్న అభయం. ఏడాదికి ఒక్కసారి, అందరి ముందూ. మీ క్లెరిక్ రోజూ రాత్రి దేవుడితో రహస్యంగా మాట్లాడి క్లూ తెచ్చుకునే స్పెల్ తీసేసి ఇది పెట్టండి. శత్రువు కూడా అదే గుంపులో నిలబడి అదే మాట వింటాడు. తనకు కావాల్సిన అర్థం తీసుకుని వెళ్తాడు.

మరో సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఇదే ఆరో నిజాం నదికి చీర, పసుపు, కుంకుమ సమర్పించాడని చెబుతారు. ఆ తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. చీరా పెట్టారు, ఆనకట్టా కట్టారు. మీ లోకంలో ఈ ఇద్దరూ కొట్టుకోవాల్సిన అవసరం లేదు.

కట్టమీది_కాకి | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 11:58

ఇప్పుడే అందరూ వెళ్లారు. గొంతు పోయింది.

పన్నెండు మంది పట్టిక చింపేశాను. ఏడు చెరువులు, ఏడుగురు అమ్మలు, అన్నీ కల్పించిన పేర్లే. నిద్రలేని_విజార్డ్ నీరడిగా దిగాడు, 5వ లెవల్, హద్దు 15. దేవతను నమ్మడు, తూము మాత్రం మా ఊళ్లో వాడికన్నా బాగా ఎవరూ తీయరు.

మొదటి రెండు గంటల్లో 6 మొక్కులు. జాగ్రత్తగానే ఆడాడు. తర్వాత ఆయకట్టు అవతలి ఊరివాళ్లు, గని నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, పొలిమేర రాయి దగ్గర చిక్కుకున్నారు. వెనక సుల్తాను గుర్రాలు. అక్కడ శక్తి పారదని అందరికీ తెలుసు. వీడు తూము పూర్తిగా ఎత్తేశాడు. షీట్‌లో అలాంటి స్పెల్ లేదు. "ఎంతైనా రాసుకో" అన్నాడు. దాదా చెప్పిన హద్దు పక్కన పెట్టి, కార్డు మీద 108 అని రాశాను. ఎవరూ మాట్లాడలేదు.

నీళ్లు పారాయి. గుర్రాలు కొట్టుకుపోయాయి, జనం బతికారు. కానీ అంత నీరు ఒకేసారి తోసుకొచ్చేసరికి కట్ట తెగింది. అమ్మ రాయి ఉన్నది సరిగ్గా ఆ కట్ట మీదే. ఇప్పుడు రాయి గండి మధ్యలో, చుట్టూ నీళ్లు.

పాత క్లెరిక్ ఆడేవాడు ఇప్పుడు ఆ ఊరి సర్పంచి. ఈసారి అమ్మ పేరు షీట్ చూడకుండా చెప్పాడు, అదీ తిడుతూ.

డైస్_దాదా | సోమవారం ఉదయం 6:50

హద్దు ఎత్తేశావా? 5వ లెవల్‌కి 108? సరేలే. ఒక్కసారికే.

నిద్రలేని_విజార్డ్ | సోమవారం ఉదయం 8:25

నాదో ప్రశ్న. నేను ఆమెను నమ్మను, అది వేరే. బాకీ బాకీయే, 108 చుట్లు తిరుగుతా. గండి పూడకుండా రాయి చుట్టూ ఎలా తిరగాలి?

పొలిమేర | సోమవారం ఉదయం 8:31

పూడ్చాలి. ఊరందరినీ పిలవాలి. ఆ గని నుంచి వచ్చినవాళ్లకు మట్టి మోయడం బాగా తెలుసు, ముందు వాళ్లను అడుగు.

ఇరానీ_చాయ్_వారియర్ | సోమవారం ఉదయం 8:40

వచ్చే ఆటకి నేనూ వస్తా కాకీ, ఒక కుర్చీ ఉంచు. తట్ట నాదే తెచ్చుకుంటా.